పసుపు టోపీ గుర్రం

ఆ రోజుల్లో పాశమైలారం ఫ్యాక్టరీల్లో మనిషి విలువ తెలుసుకోవాలంటే వాడి తలలో ఏముందో చూడనక్కర్లేదు, తల మీద ఏముందో చూస్తే చాలు. తెల్ల టోపీ అంటే ఆఫీసరు. నీలం టోపీ అంటే పర్మినెంటు. పసుపు టోపీ అంటే కాంట్రాక్టు కూలీ. టోపీలంటే పైనుంచి ఏదైనా పడితే నెత్తి పగలకుండా కాపాడే హెల్మెట్లే గానీ, మాలో ఎవరూ వాటిని ఆ పేరుతో పిలిచేవాళ్లు కాదు. మూడు రంగులూ ఒకే చోట తయారైనవేననీ, దెబ్బను ఒకేలా తట్టుకుంటాయనీ సేఫ్టీ క్లాసులో చెప్పేవారు. (ఆ క్లాసులో కుర్చీలు తెల్ల టోపీలకు, బెంచీలు నీలం టోపీలకు. మేం నిలబడి విన్నాం.)

నాది పసుపు టోపీ. ఇరవై దాటిన వయసు, రుద్రారం దగ్గరి పల్లె, ఇంటర్‌లో ఆగిన చదువు, మందుల ఫ్యాక్టరీలో డ్రమ్ములు దొర్లించే పని. అమ్మ ఊళ్లో ఎవరి చేను పిలిస్తే ఆ చేనికి కలుపు తీయడానికి పోయేది. అయినా నా మనసులో నేను పండితుణ్ని. దానికి కారణం పటాన్‌చెరు లైబ్రరీ. షిఫ్టు దిగగానే సైకిలు అటే తిరిగేది. పేపర్ల కోసం కొట్టుకునే పెద్దమనుషులను దాటి లోపలి గదిలోకి పోతే, అక్కడ ఒక లావుపాటి విజ్ఞాన సర్వస్వం ఉండేది. మొత్తం ఎన్ని సంపుటాలో నాకు తెలియదు, మా లైబ్రరీకి చేరింది మాత్రం ఒక్కటే. అది 'క'తో మొదలై 'జ'తో ఆగిపోతుంది. దాన్ని నేను అట్ట నుంచి అట్ట దాకా మింగేశాను. కర్పూరం, కంగారూ, గబ్బిలం, గ్రహణం, చెదపురుగు, జలగ, వీటి గురించి పాశమైలారం మొత్తంలో నాకు తెలిసినంత ఎవరికీ తెలియదు. ఎవరైనా మామిడి గురించో సముద్రం గురించో అడిగితే మెల్లగా మాట గబ్బిలాల మీదికి మళ్లించేవాణ్ని. ఫ్యాక్టరీలో నా పేరు ఎప్పుడో పోయింది. అందరికీ నేను 'లైబ్రరీ'నే.

మా పర్సనెల్ మేనేజరుకు కూడా ఒక పేరుండేది, ఆయనకు తెలియకుండా. 'చూద్దాం సారు'. ఆయన తండ్రి ఎప్పుడో కోస్తా నుంచి ఇక్కడి సర్కారు ఫ్యాక్టరీలో ఉద్యోగానికి వచ్చి స్థిరపడ్డారు. సారు ఇక్కడే పుట్టి పెరిగినా మాట మాత్రం తండ్రిదే. సెలవు అడిగినా, కొత్త బూట్లు అడిగినా, క్యాంటీన్ పప్పులో పప్పు కావాలని అడిగినా ఆయన చిరునవ్వుతో "చూద్దాం" అనేవారు. కాదనే మాట ఆయన నోట నేనెన్నడూ వినలేదు. ఆ వర్షాకాలంలో, హాజరు లెక్కలు రాసే టైమాఫీసులో ఒక గుమాస్తా పోస్టు ఖాళీ అయింది. కూర్చుని చేసే పని, పర్మినెంటు, నీలం టోపీ. అక్షరం ముక్క వచ్చిన కాంట్రాక్టు వాడికి ఇస్తారని పుకారు. అక్షరం ముక్క అనగానే అందరూ నావైపు చూశారు. నేనైతే ఆకాశం వైపు చూశాను, అప్పటికే పోస్టు వచ్చేసినట్టు. ఇంటికి పోయి అమ్మతో చెప్పాను కూడా, వచ్చే కలుపుల నాటికి నువ్వు పొలం పోవుడు బంద్ అని.

సారును అడిగాను. "చూద్దాం" అన్నారు. కానీ ఆ రోజు వెంటనే పంపించెయ్యలేదు. "ఏమోయ్ లైబ్రరీ, గుర్రాల గురించి నీకేమైనా తెలుసా?" అన్నారు.

గుర్రం! 'గ'! నా సంపుటం నడిబొడ్డున ఉంది గుర్రం. "తెలుసు సార్, మొత్తం తెలుసు సార్" అన్నాను.

సంగతేమిటంటే, సారుకు ఆదివారాలు మలక్‌పేట గుర్రప్పందేలకు వెళ్లే అలవాటు. ఆ ఆదివారం మేడమ్ పుట్టింటికి వెళుతున్నారు, పిల్లలిద్దరినీ ఇంట్లో వదిలేసే వీల్లేదు. పిల్లలను పందెం కట్టే చోటికి రానివ్వరట. "నువ్వు పక్కన లాన్‌లో కూర్చుని వాళ్లను చూసుకో. ఊరికే కాదులే, నాలుగు మంచి విషయాలు చెప్పు. టైమాఫీసు సంగతి తర్వాత చూద్దాం" అన్నారు. ఆ 'తర్వాత' అనే మాట పట్టుకుని నేను మూడు రోజులు గాల్లో తేలాను. షిఫ్టు దిగాక రోజూ లైబ్రరీలో కూర్చుని గుర్రాన్ని మళ్లీ మొదటి నుంచి చదివాను.

మా అక్క బిడ్డ ఒకతె ఉండేది, తొమ్మిదేళ్లది. సన్నగా, నోరు మూయకుండా ఉంటుందని పిట్ట అనేవాళ్లం. నేను తేలుతున్న గాలి దానికీ సోకింది. నేనూ వస్తానని కూర్చుంది. అక్కేమో చేటలో బియ్యం పక్కన పెట్టి లేచింది.

"గుర్రప్పందేలకా? పసిపోరినా? బుక్కులు నెత్తికెక్కినయా తమ్మీ నీకు?"

"అక్కా, గది పెద్దోళ్ల ఆట. వేరే దేశాలల్ల రాణులు గూడ గొడుగులు పట్టుకొని పోయి సూస్తరట."

"రాణులు సోమారం పొద్దుగాల కూలికి పోవాల్నా మరి?"

రాణుల సోమవారాల సంగతి నాకేం తెలుసు, 'ర' నేను చదవలేదు. కానీ పిట్ట అప్పటికే ఉన్న ఒక్క మంచి గౌను తొడిగేసుకుంది. పసుపు రంగుది, మెడ దగ్గర తెల్ల లేసు. "మామా, గుర్రాల మీద పెండ్లికొడుకులుంటరా?" అంది. అది అప్పటివరకు చూసిన గుర్రాలన్నీ బరాత్ గుర్రాలే.

పటాన్‌చెరు స్టాండు దగ్గర సారు కారు ఆగింది. పిట్టను చూసి "ఎవరీ పిల్ల?" అన్నారు. "అక్క బిడ్డ సార్, పాపకు తోడుంటదని" అన్నాను. సరేనన్నారు. వెనక సీట్లో బాబు, పాప, పిట్ట, నేను. కదిలిన కాసేపటికి సారు ముక్కు ఎగబీల్చి, ఏసీ ఆపి, అద్దాలన్నీ దించారు. మా ఫ్యాక్టరీ వాసన అది. మురిగిన కోడిగుడ్డును స్పిరిటులో నానబెడితే వచ్చేలాంటిది, ఎన్ని సబ్బులు అరగదీసినా చొక్కాను వదలదు. ఆ వాసన ఏ ఫ్యాక్టరీదో ఆయనకు గుర్తు రాలేదు. గుర్తు చేసేంత ధైర్యం నాకు లేదు.

మలక్‌పేటలో సారు మాకొక చెట్టునీడ చూపించి, వాళ్ల పిల్లలకు చిప్స్ ప్యాకెట్లు ఇచ్చి, తన స్నేహితులతో లోపలికి వెళ్లిపోయారు. నేను గొంతు సవరించుకున్నాను.

"బాబూ, గుర్రం నిలబడే నిద్రపోతుంది."

"ఎందుకు అంకుల్? బెడ్ లేదా?" అన్నాడు బాబు. పదకొండేళ్లవాడు, ఇంగ్లీషు స్కూలు.

"గుర్రం వాంతి చేసుకోలేదు. మింగింది మింగడమే, బయటికి రాదు."

"మా అమ్మకు బస్సెక్కితె వాంతైతది" అంది పిట్ట. "గుర్రమైతె మంచిగుండు."

"ఇంకా వినండి. గుర్రానికి పక్కనున్నవి కనబడతాయి, దాదాపు వెనకున్నవి కూడా కనబడతాయి. ముక్కుకు ఎదురుగా ఉన్నది మాత్రం కనబడదు."

"మరి గడ్డెట్ల తింటది మామా?"

దానికి 'క' నుంచి 'జ' దాకా ఎక్కడా జవాబు లేదు. పాప నిద్రపోయింది, అది కూర్చునే. బాబు చిప్స్ తింటూ నా చొక్కాకేసి ముక్కు ముడుస్తున్నాడు. పాండిత్యానికి అది గడ్డు సమయం. ఇక లాభం లేదని పాపను భుజాన వేసుకుని, ముగ్గురినీ కటకటాల దగ్గరికి తీసుకుపోయాను. పందేనికి ముందు గుర్రాలను అక్కడ గుండ్రంగా నడిపిస్తారు. ఒక్కో గుర్రం పక్కన కళ్లెం పట్టుకుని ఒక్కో మనిషి నడుస్తున్నాడు. కాసేపటికి రంగురంగుల చొక్కాలూ టోపీలూ వేసుకున్న జాకీలు వచ్చి ఎక్కారు. పిట్ట కటకటాలు పట్టుకుని ఎగిరింది.

"మామా! నీ టోపీ! ఆయన నీ టోపీ పెట్టుకున్నడు!"

నిజమే, ఒక జాకీది ముద్ద పసుపు టోపీ. ఇంకొకడిది తెలుపు, మరొకడిది నీలం. బాబుకు ఫ్యాక్టరీ టోపీల సంగతి తెలుసు. ఇంట్లో ఒకటుంది కదా. "వైట్ క్యాపే గెలుస్తుంది. మా డాడీది వైట్" అన్నాడు.

పిట్ట నడుం మీద చేతులు పెట్టుకుంది. "తెల్ల టోపీలోళ్లు ఉరుకుతరా ఏడనన్న? నిలవడి సూస్తరు. మా మామ చెప్పిండు. ఉరికేటోళ్లంత పసుపు టోపీలే. రోజు ఉరికెటోడు గెలుస్తడా, నిలవడెటోడు గెలుస్తడా?"

"నిజమా అంకుల్?" అని బాబు నన్నడిగాడు. నేను దగ్గడం మొదలుపెట్టాను. ఎందుకంటే సారు మా వెనకే నిలబడి ఉన్నారు.

ఆయన ముఖం చూస్తేనే తెలుస్తోంది, అప్పటిదాకా కట్టినవన్నీ పోయాయని. అయినా నవ్వారు. "ఏమోయ్ లైబ్రరీ, మరి నీ పుస్తకం ఏమంటోంది?"

నేను గుర్రాలను పరీక్షగా చూసినట్టు నటించి, ఛాతీ వెడల్పు, ముక్కు రంధ్రాలు, కాలి ఎముకలు అన్నీ ఏకరువు పెట్టి, "తెల్ల టోపీ గుర్రమే సార్" అన్నాను. (పసుపు టోపీ గుర్రానికి కూడా ఛాతీ అంతే ఉండి ఉండవచ్చు, నేను అటు చూడలేదు. మేనేజరు ముందు తెల్ల టోపీ ఓడుతుందని చెప్పిన పసుపు టోపీ మా ఫ్యాక్టరీలో అప్పటివరకు లేడు.)

"పొద్దుటి నుంచీ తెలిసినవాళ్ల మాటే వింటున్నాను. ఈసారి ఈ పిల్ల మాట విందాం" అని సారు వెళ్లిపోయారు.

పందెం గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. మా బాయిలర్ పక్కన నిలబడితే కాళ్లలోకి పాకే వణుకు లాంటిదొకటి నేలలోంచి వచ్చింది, జనం ఒక్కసారి కేక పెట్టారు, రంగులన్నీ ఒక్క ముద్దగా మా ముందు నుంచి దూసుకుపోయాయి. ఆ ముద్దకు ముందు ఒక పసుపు చుక్క ఉంది. పిట్ట చెప్పులు విడిచి గంతులేసింది.

"మామా, గెలిచినవ్! మామా, నువ్వే గెలిచినవ్!"

సారు పరుగెత్తుకుంటూ వచ్చారు. (అలా తెల్ల టోపీ ఉరకడం కూడా ఆ రోజే చూశాను.) పిట్టను అమాంతం ఎత్తి "లక్ష్మీదేవివి తల్లీ నువ్వు!" అన్నారు. ముగ్గురు పిల్లలకూ ఐస్‌క్రీం కొన్నారు. నావైపు చూసి "నువ్వు తినవుగా?" అన్నారు. "గొంతు బాగలేదు సార్" అన్నాను. తిరిగి వచ్చేటప్పుడు కారులో మెల్లగా టైమాఫీసు మాటెత్తాను. "చూద్దాం, చూద్దాం" అన్నారు. రెండుసార్లు! అప్పటిదాకా ఎవరికీ రెండుసార్లు అనలేదు. ఇంటికి పోయి అమ్మకు ఆ రెండో 'చూద్దాం' గురించే చెప్పాను.

ఆ వారం తిరిగేసరికి టైమాఫీసు కుర్చీలో ఇంకెవరో కుర్రాడు కూర్చున్నాడు. నెత్తిన కొత్త నీలం టోపీ, దాని మీది పల్చటి కవరు కూడా ఇంకా తీయలేదు. సారు గదికి పోయాను. ఆయన నన్ను కూర్చోమన్నారు. అదీ మొదటిసారే.

"టైమాఫీసంటే ఆదివారం డ్యూటీ ఉంటుందోయ్. నిన్నక్కడ కూర్చోబెడితే మా పిల్లల్నెవరు చూస్తారు? మా వాడు నువ్వొస్తేనే వస్తానంటున్నాడు. ఆ పిల్లకి కూడా నువ్వు లేందే దారి తెలియదు కదా. ఇంకో ఖాళీ వస్తుందిలే, చూద్దాం."

అంటే గుర్రం ఓడిపోయి ఉంటే నాకు ఉద్యోగం వచ్చేదేమో. పోనీ, రాకపోయినా నా ఆదివారమైనా నాకు దక్కేది. గెలిచినందుకు రెండూ పోయాయి. ఇంత తేలికైన లెక్క ఆ రోజు నాకు బోధపడలేదు. 'ఇంకో ఖాళీ' అన్న మాటే చెవిలో పెట్టుకుని బయటికి వచ్చాను.

ఇగ అక్కడి నుంచి పందేలు జరిగిన ప్రతి ఆదివారం మాదే. పిట్ట అదే పసుపు గౌను వేసుకోవాలని సారు కబురు పెట్టేవారు. వానల్లో ఆ గౌను ఆరక, శనివారం సాయంత్రం అక్క దాన్ని పొయ్యి మీదుగా దండెం కట్టి ఆరబెట్టేది. "నా బిడ్డను కోడిపుంజు లెక్క పందేనికి తీస్కపోతున్నవ్ గదరా" అనేది. నన్ను కూడా మొదటి రోజు చొక్కాతోనే రమ్మన్నారు. రెండోసారి మేం కారెక్కగానే సారు అద్దాలన్నీ పైకెత్తేశారు, ఆ వాసనతో పాటు అదృష్టం కూడా బయటికి పోతుందేమోనన్నట్టు. పిట్ట చెప్పిన టోపీ గెలిచిన రోజున పిల్ల చలవ. ఓడిన రోజున నేలలో తడి ఎక్కువ, లేదా జాకీ అమ్ముడుపోయాడు. నేను గుర్రం గురించి చెప్పిందే చెప్పేవాణ్ని. బాబు నాకంటే ముందే అప్పజెప్పేవాడు: "నిలబడి నిద్రపోతుంది, మింగింది కక్కదు, ముక్కు ముందున్నది కనపడదు." ఆ మాటలు ఎవరి గురించో వింటున్నట్టు నేనూ తల ఊపేవాణ్ని.

ఈలోగా కలుపుల కాలం వచ్చింది. అమ్మ కొడవలి తీసుకుని పొలం పోయింది. పిట్ట అది చూసింది.

"మామా, నీకు నీలం టోపీ ఎప్పుడిస్తరు?"

"సారు చూద్దామన్నడు."

"ఇంకెన్ని రోజులు సూస్తడు?"

ఆ ఆదివారం సారు తన స్నేహితులను కూడా కటకటాల దగ్గరికి వెంటబెట్టుకొచ్చారు. తెల్లటి చొక్కాల వాళ్లు, నలుగురైదుగురు. "ఇప్పుడు చూడండి, మా బేబీ చెబుతుంది" అని పిట్ట పక్కన వంగారు. "ఏ టోపీ తల్లీ ఇవాళ?"

పిట్ట గుర్రాల వైపు చూడలేదు. సారు వైపు చూసింది. "మా మామకు నీలం టోపీ ఎప్పుడిస్తవ్ సారూ?"

సారు స్నేహితుల వైపు చూసి నవ్వి, దాని బుగ్గ గిల్లి, అలవాటుగా అన్నారు: "చూద్దాంలే."

పిట్ట బుగ్గ తుడుచుకుంది. "అయితె నేను గూడ సూస్త. గుర్రాలు ఉరికినంక చెప్త ఎవరు గెలిచిన్రో."

స్నేహితులు పగలబడి నవ్వారు. ఒకాయన "అచ్చం నీలాగే ఉందిరా సమాధానం!" అని సారు భుజం మీద చరిచారు. బాబు కూడా నవ్వాడు, అదే ఆయనకు ఎక్కువగా గుచ్చుకున్నట్టుంది. "పిట్టా, చెప్పవే, సారుకు చెప్పు" అని నేను దాని భుజం పట్టి ఊపాను. బతిమాలాను. అది కటకటాలు పట్టుకుని గుర్రాలనే చూస్తూ నిలబడింది. సారు తనంతట తానే ఒక గుర్రం మీద పందెం కట్టారు. అది ఎక్కడో వెనక వచ్చింది. ఆయన మా దగ్గరికి వచ్చి, పాపను నా భుజం మీద నుంచి తీసుకుని, "మాకు వేరే చోట పనుంది. మీరు బస్సులో వెళ్లండి" అన్నారు.

బస్సులో పిట్ట కిటికీ పక్కన కూర్చుంది. చాలాసేపటికి "మామా, కోపమొచ్చిందా?" అంది. లేదన్నాను. వచ్చింది నిజానికి, దాని మీదే. తొమ్మిదేళ్ల పిల్ల ఒక్క నిమిషంలో అనేసిన మాటను, ఇరవై దాటిన నేను గొంతులోనే ఉంచుకుని సీజనంతా మోశానన్న సంగతి లింగంపల్లి దాటాక గానీ తలకెక్కలేదు. నిలబడి నిద్రపోయేది, మింగింది కక్కలేనిది, ముక్కు ముందున్నది చూడలేనిది. అంతగా చదివాను గానీ ఆ జంతువు ఏదో నాకు తెలియనే లేదు.

తర్వాతి నెలలో కాంట్రాక్టరు గేటు బయటే ఆపాడు. "లైబ్రరీ, నీ గేటు పాసు రెన్యువల్ ఆఫీసుల ఆగింది. ఏందో సారును పరేషాన్ జేసినవట గద?"

"ఎప్పుడొస్తదన్నా?"

"అడిగిన. చూద్దామన్నరు."

అంతే. ఆ పసుపు టోపీ కూడా అక్కడే ఇచ్చేసి, నాలుగు గేట్ల అవతల ఇంకో ఫ్యాక్టరీలో ఇంకో పసుపు టోపీ పెట్టుకున్నాను. తర్వాత ఇంకోటి. అమ్మ చేతగానిదాకా పొలం పోయింది. లైబ్రరీకి ఇప్పటికీ పోతుంటాను. మిగతా సంపుటాలు రానేలేదు.

మొన్న ఉగాది ముందు నాకు నీలం టోపీ వచ్చింది. అబద్ధం కాదు. ఇప్పుడున్న ఫ్యాక్టరీలో, అదే టైమాఫీసు పని. జుట్టు ఊడిపోయాక ఇచ్చారు కాబట్టి ఎంత బిగించినా వదులే. వంగితే చాలు, కళ్ల మీదికి జారుతుంది. పిట్టకు పెళ్లయి, వెలిమెల దగ్గర కిరాయి ఇంట్లో ఉంటోంది. ఒక ల్యాబ్‌లో పనిచేస్తుంది. నోరు మాత్రం అప్పటిలాగే ఉంది. దానికో కొడుకు, అయిదేళ్లవాడు. మొన్న శనివారం ఫోన్ చేసింది.

"మామా, వీడు గుర్రాన్ని సూడాలని ఒకటే లొల్లి. నువ్వైతె మంచిగ చెప్తవ్ అన్న. రేపు ఆదివారమేగా, తీస్కపోతవా?"

గోడ మీది డ్యూటీ చార్టు చూశాను. రేపు నా పేరే ఉంది. అవును, టైమాఫీసుకు ఆదివారం డ్యూటీ ఉంటుంది. పాపం, ఆ ఒక్క విషయంలో సారు నాకు నిజమే చెప్పారు.

ఫోన్ పిల్లవాడి చేతికి మారింది. "తాతా, గుర్రం సూపిస్తవా?"

"చూద్దాం నాన్నా" అన్నాను.

అవతల పిట్ట నవ్వు వినబడింది, ముందు మెల్లగా, తర్వాత ఆగకుండా. "టోపీ రంగు మారంగనే మాట గూడ మారిందా మామా?" అంది. నేనూ నవ్వాను. నవ్వుకు తల ఊగి టోపీ కళ్ల మీదికి జారింది. పైకి నెట్టుకుని, రేపటి డ్యూటీ ఎవరైనా మార్చుకుంటారేమో అడుగుదామని బయటికి నడిచాను. పసుపు టోపీలన్నీ షిఫ్టు దిగి గేటు వైపు ఉరుకుతున్నాయి.